నీళ్లు ముందా, ఎక్స్‌రే ముందా

కంప్యూటర్ అబద్ధం చెప్పదని ఎవరైనా నా ముందు అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఉద్యోగమంతా కంప్యూటర్ల దగ్గరే గడిపినవాణ్ని, నాకెందుకు మండాలో చెప్పాలంటే తొంభైల్లో మా క్యాంపస్‌లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు చదువుకుంటే మంచిదని రాస్తున్నాను కానీ, ఇందులో నేను గొప్పగా చెప్పుకునేది ఏమీ లేదు. మూడు రోజులు ఏం జరిగిందో అర్థం కాక తిరిగాను. అర్థమయ్యాక ఏం చెయ్యాలో తెలియక మరింత తికమకపడ్డాను.

మా విభాగంలో ఒక ఎక్స్‌రే యంత్రం ఉండేది. మనుషుల ఎముకలు చూసేది కాదు. రాతిపొడి, లోహపు ముక్క లాంటివి అందులో పెడితే వాటి లోపలి అమరిక ఎలా ఉందో కాగితం మీద గీతలుగా గీసి చూపించేది. దానికి గుండెకాయ ఒక ట్యూబు. అది పనిచేస్తున్నంతసేపూ దాని చుట్టూ చల్లటి నీళ్లు పారుతూ ఉండాలి. పని అయిపోయాక ముందు ఎక్స్‌రే ఆపాలి, ఇరవై నిమిషాలు ఆగాలి, ఆ తర్వాతే నీళ్ల పంపు కట్టెయ్యాలి. ఈ వరస తిరగబడితే ట్యూబు కాలిపోతుంది. నీళ్లు ఆగగానే యంత్రం దానంతటదే ఆగిపోవడానికి ఒక స్విచ్ కూడా ఉండేది. కానీ మా దగ్గర నీళ్ల ఒత్తిడి ఎప్పుడూ అంతంతమాత్రమే కనుక ఆ స్విచ్ గంటకోసారి యంత్రాన్ని ఆపేసేది. విసుగెత్తి ఎవరో ఎప్పుడో అది పనిచేయకుండా వైరుతో కట్టేశారు. ఎవరు కట్టారంటే మాత్రం అందరూ కిటికీలోంచి బయటికి చూసేవారు.

ఆ యంత్రాన్ని నడిపే టెక్నీషియన్ గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు. బౌద్ధనగర్‌లో కాపురం. ఆదివారం చర్చిలో పాటలు పాడేవాడు, మిగతా ఆరు రోజులూ అవే పాటలు యంత్రం పక్కన కూనిరాగం తీసేవాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, అయినా నన్ను సార్ అనేవాడు. ఎందుకంటే నేను పర్మనెంటు, అతను ఎనిమిదేళ్లుగా టెంపరరీ. ఆరు నెలలకోసారి ఒకరోజు ఇంటికి పంపి మళ్లీ కొత్తగా తీసుకున్నట్టు కాగితం ఇచ్చేవాళ్లు. ఆ ఏడాది ఎలాగో అతన్ని పర్మనెంట్ చేసే ఫైలు కదిలింది. మా హెడ్ సార్ సంతకం ఒక్కటే మిగిలింది.

ఇక నా సంగతి. ఆ విభాగానికి నేను ప్రోగ్రామర్‌ని. ఒక సర్వర్, దానికి తోకల్లా ఆరు టెర్మినళ్లు, చెవులు గింగురుమనిపించే ఒక ప్రింటర్ నా సామ్రాజ్యం. సర్వర్ గదిలోకి రావాలంటే చెప్పులు బయట విడవాలి. దుమ్ము పడితే డిస్క్ పాడవుతుందని రూలు. ప్రొఫెసర్లు కూడా చిరిగిన మేజోళ్లతో నా గదిలోకి రావాల్సి వచ్చేది. అది చూసి నేను లోపల్లోపల మహా ఆనందపడేవాణ్ని.

యంత్రానికి మొదట్లో కాగితం లాగ్‌బుక్ ఉండేది. ఎవరు, ఎప్పుడు, ఏం పెట్టారు, ఎప్పుడు ఆపారు అని అందులో రాయాలి. హెడ్ సార్‌కి కాగితమంటే గిట్టదు. ఎం.టెక్. విద్యార్థి ఒకతని చేత ప్రాజెక్టు కింద కంప్యూటర్ లాగ్‌బుక్ రాయించారు. టెర్మినల్ దగ్గర కూర్చుని చేసిన పని టైపు చేస్తే చాలు, టైము సర్వరే వేసేది. మనిషి మార్చడానికి వీల్లేదు. రెండు గదుల్లోంచి ఎంట్రీలు వచ్చేవి కనుక ప్రోగ్రాం వాటన్నిటినీ టైము ప్రకారం పేర్చి దాచేది. నిజంగా చక్కగా రాశాడు ఆ కుర్రాడు. రాసి, మార్కులు వేయించుకుని, బెంగళూరులో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. హెడ్ సార్‌కి అది ఎంత నచ్చిందంటే, సిబ్బంది రాకపోకలు కూడా అందులోనే నమోదు కావాలన్నారు. ఉదయం రాగానే ఒక ఎంట్రీ, సాయంత్రం వెళ్లేటప్పుడు ఒక ఎంట్రీ. అంటే యంత్రానికీ మనుషులకూ కలిపి ఒకటే గడియారం. మనుషుల సంగతి మీకు తెలుసు కదా. వారం తిరక్కుండానే ఆ గడియారానికి మేం మానవత్వం నేర్పాం.

మా ఆఫీసు సూపరింటెండెంట్ మేడంతో మొదలైంది. విద్యానగర్‌లో ఇల్లు. మంచంలో ఉన్న అత్తగారిని చూసుకోవడానికి పగలు ఒక నర్సు వచ్చేది. ఆ నర్సు కొన్ని రోజులు నాలుగున్నరకే వెళ్లిపోయేది. మేడం నా గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వచ్చి మెల్లగా అడిగారు.

"తమ్మీ, నర్సమ్మ నాలుగున్నరకే పోతదంట. ముసలామెను ఒక్కదాన్ని ఎట్ల ఇడిసిపెడ్త చెప్పు? గా గడియారం జర ముందుకు జరుపరాదు?"

సర్వర్ గడియారం మార్చాలంటే ఒక పెద్ద పాస్‌వర్డ్ కావాలి. అది రెండు చోట్ల ఉండేది, హెడ్ సార్ బీరువాలో సీలు వేసిన కవరులో ఒకటి, నా బుర్రలో ఒకటి. నేను గడియారాన్ని అరగంట ముందుకు జరిపాను. మేడం అయిదు దాటినట్టు ఎంట్రీ వేసి వెళ్లిపోయారు. మళ్లీ అరగంట వెనక్కి జరిపాను. రెండు నిమిషాల పని. ఆ తర్వాత అది వారానికి రెండు మూడుసార్లు అలవాటైపోయింది. కాచిగూడ స్టేషన్లో రైలు దిగి వచ్చేవాళ్లు ఆలస్యమైతే పొద్దున పూట పది నిమిషాలు వెనక్కి కూడా జరిపేవాణ్ని. ఆ పది నిమిషాల్లో మా టెక్నీషియన్ కూడా చాలాసార్లు గట్టెక్కాడు. ఇదంతా నేను ఎక్కడా రాసిపెట్టలేదు. అది నా దృష్టిలో పని కాదు, సాయం. సాయాన్ని ఎవరైనా రాసుకుంటారా?

ఒక గురువారం పొద్దున టెక్నీషియన్ యంత్రం ఆన్ చేయగానే ట్యూబు పోయింది. కొత్త ట్యూబు విదేశం నుంచి రావాలి, నెలలు పడుతుంది. ముగ్గురు పరిశోధక విద్యార్థుల థీసిస్‌లు ఆ యంత్రం మీదే ఆధారపడి ఉన్నాయి. హెడ్ సార్ లాగ్‌బుక్ ప్రింటు తీయించారు. బుధవారం సాయంత్రం ఎంట్రీలు రెండు, రెండూ టెక్నీషియన్ పేరు మీదే. నాలుగూ యాభై అయిదుకి నీళ్లు ఆపాడు. అయిదూ మూడుకి ఎక్స్‌రే ఆపాడు.

అంటే ఎనిమిది నిమిషాలు ఆ ట్యూబు నీళ్లు లేకుండా మండిందన్నమాట.

"లేదండి, ముందు ఎక్స్‌రేనే ఆపానండి. ఇరవై నిమిషాలు కూర్చుని, తర్వాతే పంపు కట్టాను. ఎనిమిదేళ్ల నుంచి చేస్తున్న పనండి ఇది," అన్నాడు టెక్నీషియన్.

"మరి కంప్యూటర్ ఇట్లా ఎందుకు చెప్తోంది? అది అబద్ధం చెప్పదు కదా," అన్నారు హెడ్ సార్. ఆ మాట ఆరోజే మొదటిసారి నాకు చెవుల్లో గుచ్చుకుంది. తర్వాత నా వైపు తిరిగారు. "సోమవారం కమిటీ కూర్చుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంటే అప్పటికి చూపించండి. లేదంటే నెగ్లిజెన్స్ అని రాస్తాను. పర్మనెంట్ ఫైలు వెనక్కి పంపాల్సి వస్తుంది."

ఆ ఎనిమిది నిమిషాల కోసం నేను పడ్డ పాట్లు వింటే మీకు నవ్వొస్తుంది. ముందు టెర్మినల్ మీద పడ్డాను. కీబోర్డు విప్పి తుడిచాను. కేబుల్ మార్చాను. ఎంట్రీ ఒకటి దారిలో ఎక్కడో ఆగిపోయి ఆలస్యంగా సర్వర్‌కి చేరిందేమో అనుకున్నాను. అలా ఆగడానికి అదేమన్నా సిటీ బస్సా అని నాకే అనిపించి వదిలేశాను. తర్వాత ప్రోగ్రాం మీద పడ్డాను. ఆ కుర్రాడు చక్కగా రాశాడన్నాను కానీ, ఏది ఏమిటో ఎక్కడా ఒక్క ముక్క వివరణ రాయలేదు. పేజీలకు పేజీలు ప్రింటు తీసి నేల మీద పరిచి, మోకాళ్ల మీద పాకుతూ ఎర్ర పెన్నుతో గీతలు కొట్టాను. టైము ప్రకారం పేర్చే చోట ఏదో తప్పు ఉండే ఉంటుందని నా నమ్మకం. వంద ఉత్తుత్తి ఎంట్రీలు వేసి చూశాను. వందా బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. ఇంకో వంద వేశాను. అవీ అంతే.

శుక్రవారం సాయంత్రానికి నా తల పనిచేయడం మానేసింది. ప్రోగ్రాం బాగుంది, సర్వర్ బాగుంది, కేబుల్ బాగుంది. ఇక మిగిలింది మనిషి. సిగ్గుపడుతూనే చెప్తున్నాను, ఆరోజు నేనూ అతన్ని అనుమానించాను. యంత్రం గదిలోకి వెళ్లి అడిగాను.

"అన్నా, నిజం చెప్పు. ఏదో ధ్యాసల ఉండి పంపు ముందు ఆపినవా? నాతోని చెప్తే ఏం కాదు."

అతను పాట ఆపి నా ముఖం వైపు కాసేపు చూశాడు. కోపంగా కాదు. నేను ఏమైనా చెప్తానేమోనని ఎదురుచూస్తున్నట్టు చూశాడు. నాకు అప్పుడు అది అర్థం కాలేదు.

"లేదు సార్. ఎక్స్‌రేనే ముందు ఆపాను," అన్నాడు. మళ్లీ గుడ్డ తీసుకుని పనిలేని యంత్రాన్ని తుడవడం మొదలుపెట్టాడు.

శనివారం మధ్యాహ్నం చివరి ప్రయత్నంగా ఇంకో దారి పట్టాను. అతని పేరుతో వేరే ఎవరైనా సర్వర్‌లోకి వచ్చి దొంగ ఎంట్రీ వేశారేమో చూద్దామని, ఎవరెవరు ఎప్పుడు వచ్చి వెళ్లారో సర్వర్ తనకు తానుగా రాసుకునే పట్టిక తెరిచాను. బుధవారం దగ్గర రెండు చిత్రమైన వరసలు కనిపించాయి. గడియారం మార్చబడింది. మళ్లీ గడియారం మార్చబడింది.

దొంగ దొరికాడు! ఎవడో పెద్ద పాస్‌వర్డ్ సంపాదించి నా సర్వర్ గడియారం తిప్పాడు. ఎక్కడి నుంచి తిప్పాడా అని చూస్తే నా గదిలోంచే. నేను లేనప్పుడు నా గదిలోకి వచ్చింది ఎవరు? నిజం చెప్తున్నాను, పూర్తిగా ఒక నిమిషం పాటు దీని గురించే ఆలోచించాను. గది తాళం చెవి ఎవరెవరి దగ్గర ఉందో వేళ్ల మీద లెక్కపెట్టాను కూడా. ఆ తర్వాత సిబ్బంది రాకపోకల పట్టిక తీస్తే, బుధవారం మేడం వెళ్లిన టైము కనిపించింది. అయిదూ రెండు.

గది తలుపు వేసి, చెప్పులు చేత్తో పట్టుకునే కారిడార్ చివరిదాకా నడిచాను. మెట్ల దగ్గర ఎవరో చూసి నవ్వితే అప్పుడు వేసుకున్నాను.

తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటల్ ఒకటి ఉండేది. అక్కడ కూర్చుని బస్ టికెట్ వెనక లెక్క వేశాను. అతను ఎక్స్‌రే ఆపింది నిజానికి నాలుగూ ముప్పై మూడుకి. అప్పుడు మేడం కోసం గడియారం అరగంట ముందుంది కనుక అయిదూ మూడు పడింది. ఆ తర్వాత నేను గడియారాన్ని వెనక్కి లాగాను. అతను ఇరవై నిమిషాలు పద్ధతిగా ఆగి, ఇంకో రెండు నిమిషాలు ఎక్కువే ఆగి, నాలుగూ యాభై అయిదుకి నీళ్లు కట్టాడు. సర్వర్ అది కూడా ఉన్నది ఉన్నట్టు రాసింది. ప్రోగ్రాం రెండిటినీ టైము ప్రకారం బుద్ధిగా పేర్చి, ముందుది వెనక్కి, వెనకది ముందుకి వేసింది. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు, నేను తప్ప.

చాయ్ చల్లారిపోయింది. నేను చెప్తే మేడం సంగతి బయటపడుతుంది. ఇంటి దగ్గర ఆ ముసలావిడ, ఇక్కడ ఇంకో నాలుగేళ్ల సర్వీసు. చెప్పకపోతే ఇతని ఎనిమిదేళ్లు నీళ్లపాలు. నా ఉద్యోగం కూడా ఉంది, దాన్ని మరిచిపోయానని అనుకోకండి. అన్నిటికంటే ముందు అదే గుర్తొచ్చింది. ఆదివారమంతా ఇంట్లో ఎవరు పలకరించినా కసురుకున్నాను. చివరికి తెలివైన దారి ఒకటి దొరికిందనుకున్నాను. ప్రోగ్రాంలోనే లోపం ఉందని రాసిస్తే సరి. రాసినవాడు బెంగళూరులో ఉన్నాడు, వాడికి తెలియను కూడా తెలియదు. టెక్నీషియన్ బయటపడతాడు, మేడం బయటపడతారు, నేనూ బయటపడతాను. అందంగా ఒక పేజీ రాసి, మడిచి జేబులో పెట్టుకున్నాను.

సోమవారం హెడ్ సార్ గదిలో కమిటీ. హెడ్ సార్, పక్క విభాగాల నుంచి ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక చివర నేను. బల్ల పక్కన కూర్చుని జరిగిందంతా రాసుకోవడానికి సూపరింటెండెంట్ మేడం. ఆవిడకు ఏమీ తెలియదు. నేను చెప్పలేదు. టెక్నీషియన్ నిలబడే ఉన్నాడు, కూర్చోమని ఎవరూ అనలేదు.

"ముందు ఏది ఆపారు?" అని ఒక ప్రొఫెసర్ అడిగారు.

"ఎక్స్‌రేనండి."

"మరి లాగ్‌బుక్‌లో ఇలా ఎందుకుంది?"

అతను నా వైపు చూడలేదు. మేడం వైపు కూడా చూడలేదు. నేల వైపు చూస్తూ, "తెలియదండి," అన్నాడు.

"మీ రిపోర్టు?" అన్నారు హెడ్ సార్ నాతో.

జేబులోంచి కాగితం తీశాను. మొదటి వాక్యం చదవడానికి నోరు తెరిచాను కూడా. నా ప్రోగ్రాముల్లో నేను ఎన్ని తప్పులు చేశానో లెక్కలేదు, కానీ బాగా రాసినవాడి పని తప్పని సంతకం పెట్టడం ఎప్పుడూ చేయలేదు. అయితే నన్ను ఆపింది అది కూడా కాదు. నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంది, ఆ మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. అది చూశాక ఆ కాగితం చదవడం నావల్ల కాలేదు. నాకు నా మీదే అసహ్యం వేసింది.

"సాఫ్ట్‌వేర్ మంచిగనే ఉన్నది సార్. ఆయన చెప్పేదీ నిజమే. సర్వర్ గడియారం తిప్పింది నేను," అన్నాను. బస్ టికెట్ వెనకున్న లెక్క చదివి వినిపించాను.

"ఎందుకు తిప్పారు?" అన్నారు హెడ్ సార్.

"నాకోసమే సార్. జల్ది ఇంటికి పోదామని."

ఆయన నా ముందున్న రాకపోకల ప్రింటు లాక్కుని చూశారు. "మీరు ఆరోజు ఆరుంపావుకి వెళ్లారు. ఎవరి కోసం తిప్పారు?"

రాస్తున్న పెన్ను చప్పుడు ఆగింది. మేడం తల ఎత్తలేదు.

"నాకోసం సార్," అన్నారు. "ఇంట్ల మా అత్తమ్మ ఒక్కతే ఉంటది. నేనే తిప్పమన్న. ఒక్కసారి కాదు, శానసార్లు. గీ తమ్మిది గాని, ఆయనది గాని తప్పేం లేదు. రాసుకుంటున్న."

నిజంగానే రాసుకున్నారు. తన పేరు, తన హోదా, తను చెప్పిన మాట, తన గుండ్రటి అక్షరాలతో కమిటీ పుస్తకంలో ఎక్కించి, చదివి వినిపించి, కింద సంతకం కోసం పుస్తకాన్ని హెడ్ సార్ వైపు జరిపారు. నేను నా కాగితాన్ని మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

మేడంకి ఒక మెమో, నాకు ఒక మెమో వచ్చాయి. ఆవిడ ఉద్యోగం నిలిచింది కానీ, వేరే సెక్షన్‌కి మార్చారు. ఆరు నెలలు నా దగ్గర పెద్ద పాస్‌వర్డ్ లేదు. గడియారం సరిచేయాల్సి వస్తే హెడ్ సారే చెప్పులు విడిచి వచ్చి చేసేవారు. రాకపోకలు మళ్లీ కాగితం రిజిస్టర్‌లోకి వెళ్లాయి. టెక్నీషియన్ ఫైలు మీద నెగ్లిజెన్స్ అన్న మాట పడలేదు. ట్యూబు అసలు ఎందుకు కాలిపోయిందో మాత్రం కంపెనీ నుంచి వచ్చిన ఇంజినీర్ కూడా చెప్పలేకపోయాడు. నాకు ఇప్పటికీ తెలియదు.

కమిటీ అయిన ఆ సాయంత్రం నేనూ టెక్నీషియనూ కలిసి తార్నాక బస్టాపుదాకా నడిచాం. బస్టాపు కనిపించాక నేనే అన్నాను.

"మాఫ్ చెయ్యన్నా. గడియారం సంగతి నాకు మొదలే తోచి ఉంటే నిన్ను ఆ మాట అడిగేటోణ్ని కాదు."

"పర్లేదు సార్. నాకు ఆరోజే తెలుసండి," అన్నాడు.

నేను ఆగిపోయాను. అతను చేతి వాచీ చూపించాడు. "ఇరవై నిమిషాలు దీన్ని చూసే కదండీ లెక్కపెట్టేది. ఎక్స్‌రే ఆపి టైపు చేస్తే తెర మీద అయిదూ మూడు పడింది. దీంట్లో ఇంకా నాలుగున్నరే. మేడంగారు ఇంటికెళ్తున్నారు కామోసు అనుకున్నాను."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట చెప్తే అయిపోతుండె కదా!"

"చెప్తే ఆవిడ ఉద్యోగం పోతుందేమోనని భయమేసిందండి. ఇంట్లో ఆ పెద్దావిడ కూడా ఉంది కదా." ఎంతో మామూలుగా అన్నాడు. "నా ఉద్యోగమంటారా, ఇంకా రానే లేదు కదండీ."

బస్సు వచ్చింది. వెళ్లొస్తానని చెప్పి ఎక్కాడు. నేను ఎక్కాల్సిన బస్సులు రెండు వచ్చి వెళ్లిపోయినా నేను అక్కడే నిలబడి ఉన్నాను.